ఆడి నెలలో చప్పుడు లేని బండి

మా ఇంటికి వచ్చిన మోటారు సైకిల్‌కు చాలా రోజులు గొంతు లేదు.

మద్రాసు చూలైలో మేముండే సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు భుజం పక్కకు తిప్పుకోవాలి. ఆ సందులోంచి మా ఆయన, వర్క్‌షాప్ మేస్త్రీ కలిసి దాన్ని నెట్టుకుంటూ తెచ్చి మా నడవలో గోడ పక్కన నిలబెట్టారు. నల్ల బండి. ట్యాంకు మీద రంగు అక్కడక్కడా లేచిపోయి, కింది ఇనుము బూడిదగుమ్మడి మీది పొడిలా తెల్లగా కనిపించేది. దీపం ఆర్పాక నూనె వాసన నడవ దాటి మా చాపల దాకా వచ్చింది. ఒక పెద్ద గేదె ఎక్కడినుంచో నడిచి వచ్చి, మమ్మల్ని అడక్కుండా మా ఇంట్లో పడుకున్నట్టు అనిపించింది నాకు. నీళ్ళకని లేచినప్పుడు దాన్ని ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మాకు అప్పటికి పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్త. మా ఆయన కొత్వాల్ చావడిలో పూజ సామాన్లు టోకుగా అమ్మే అంగట్లో పనిచేసేవారు. వెనకగదిలో కూర్చుని పసుపు, కుంకుమ, సాంబ్రాణి పొట్లాలు కట్టే పని. ఆ గదికి కిటికీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే తూములో పసుపు నీళ్ళు పారేవి. చూసేవాళ్ళకు అది శుభంగానే ఉండేదేమో గానీ, దగ్గినప్పుడు రుమాలు కూడా పసుపయ్యేది. రాత్రిళ్ళు ఆ దగ్గు వింటూ పడుకునేదాన్ని. ధర్మాసుపత్రి డాక్టరు మందులు రాసిచ్చి, ఆ గదిలోంచి బయటపడితేనే ఇవి పనిచేస్తాయని చెప్పి పంపాడు.

బయటపడే దారి ఒకటి కనిపించింది. షావుకారు అంబత్తూరు, పూందమల్లి, రెడ్‌హిల్స్ వైపు అంగళ్ళకు ఒక మనిషిని పంపి ఆర్డర్లు తెప్పించాలనుకుంటున్నాడు. అట్లా అంగడి వెంట అంగడి తిరిగే పనిని లైను అనేవారు. సైకిల్‌తో అయ్యే దూరాలు కావవి. సొంత బండి, చేతిలో లైసెన్సు ఉన్నవాడికే లైను. వినాయక చవితి సరుకుకు ఆర్డర్లు ముందే పట్టాలి గనక శ్రావణం పుట్టగానే మొదలు. ఇంకో గుమాస్తా కూడా దాని మీద కన్నేసి ఉన్నాడు. మా ఆయన ముందూ వెనకా చూసుకోకుండా శ్రావణానికి బండితో వస్తానని మాటిచ్చి వచ్చారు. ఆయనకు సైకిల్ తప్ప మరొకటి రాదు.

ఆషాఢంలో ఎవరూ బండి కొనరు. అందుకే మాకు చవగ్గా దొరికింది. ఆయన చీటీ పాడుకుని తెచ్చిన డబ్బు దానికి సరిగ్గా సరిపోయింది. బండి కొంటే బండి వచ్చినట్టే అనుకున్నాం మేము. మేస్త్రీ మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వాడు.

"అన్నా, బండిని ఈపొద్దు కొన్నావు. ఇంక రేపట్నించి బండికి కొనాల" అన్నాడు.

అత్త మాత్రం బండిని గడప దగ్గరే ఆపింది. ఆమెకు శూన్యమాసంలో కొత్త వస్తువు ఇంట్లోకి రావడం ఇష్టం లేదు. కొడుకు దగ్గు కూడా ఇష్టం లేదు. కాసేపు ఆలోచించి మధ్యేమార్గం ఒకటి చెప్పింది.

"మేస్త్రీ బండి మేస్త్రీదే. నిలబెట్టుకోను చోటిచ్చినాం, అంతే. మాసం పోయినాక మనదవుతాది. అందాక దాని నోట్లోంచి శబ్దం రాకూడదు."

"నేర్చుకోవాల గదమ్మా" అన్నారు ఆయన.

"నేర్చుకో. శబ్దం లేకుండా నేర్చుకో. ఎవరొద్దన్నారు?"

కాగితానికి చప్పుడు లేదు గనక నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు తెచ్చుకోవడానికి ఆమె అడ్డు చెప్పలేదు. దానికి ఫొటో కావాలన్నారు. ఫొటోకు కాలరున్న చొక్కా కావాలి. ఖర్చులు అట్లా మొదలయ్యాయి.

తర్వాత మేస్త్రీ ఒక్కొక్క రోజు ఒక్కొక్కటి చెప్పేవాడు. వెనక టైరు అరిగిపోయింది. చైను సాగింది. బ్రేకు కట్టలు మార్చాలి. పాత పన్ను బాకీ ఉంది. చెప్పులతో కిక్కు కొడితే మడమ పోతుంది, బూట్లు కావాలి. ఆడి నెల గాలికి కళ్ళల్లో దుమ్ము పడుతుంది, కళ్ళద్దాలు కావాలి. చీటీ డబ్బు అయిపోయింది కదా, వీటికి డబ్బు అటక మీదినుంచి దిగింది. నా పెళ్ళికి మా నాన్న సారె కింద పెట్టిన ఇత్తడి సామాను అక్కడ ఉండేది. గంగాళం, బిందెలు, కూజా, పాలదబర, మూతల గిన్నెలు. ప్రతిదాని అంచు మీదా మా నాన్న పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. నాకు అప్పుడు చదవడం రాదు. చీకట్లో వేలితో తడిమినా అది మా నాన్న పేరని మాత్రం తెలుసు.

పాత్రల అంగడివాడు తూకం వేసి తీసుకునేవాడు. గంగాళం వెళ్ళింది, టైరు వచ్చింది. కూజా వెళ్ళింది, బూట్లు వచ్చాయి. నాకు అది ఇచ్చిపుచ్చుకోవడంలా కాకుండా, మా ఇత్తడి అంతా మెల్లమెల్లగా కరిగి ఆ నల్ల బండిలోకి దిగుతున్నట్టు తోచేది. రోజూ సాయంత్రం దాన్ని తుడిచేటప్పుడు చైను మీద, కొత్త మరమేకుల మీద ఆ పచ్చని మెరుపు కోసం వెతికేదాన్ని.

ఒకరోజు రెండు బిందెలు పట్టుకెళ్ళి ఆయన అద్దం, హారను తెస్తానన్నారు. తీరా చూస్తే చీర గార్డు తెచ్చారు. వెనక చక్రం పక్కన బిగించే ఇనుప జాలీ అది. వెనక కూర్చున్న ఆడవాళ్ళ కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా కాపాడుతుంది. అద్దం ఏదీ అని అడిగాను. అద్దం లేకపోతే మెడ తిప్పి చూసుకోవచ్చు, చీర పడితే ఏంది గతి అన్నారు. నేను ఆ బండి ఎక్కుతానని అప్పటిదాకా ఎవరూ అనలేదు. నేను కూడా అనుకోలేదు.

శబ్దం లేకుండా నేర్చుకోవడమెట్లా అన్నదానికి మేస్త్రీయే ఉపాయం చెప్పాడు. ముందు బరువు అలవాటు కావాలి, ఇంజను తర్వాత చూసుకోవచ్చు, వంతెన ఎక్కించి దొర్లించుకోండి అన్నాడు. అట్లా తెల్లవారకముందే లేచి ఇద్దరం బండిని నెట్టుకుంటూ రైలు పట్టాల మీది వంతెన దాకా వెళ్ళేవాళ్ళం. ముందు హ్యాండిలు పట్టుకుని ఆయన, వెనక చేతులానించి నేను. ఎత్తు ఎక్కేటప్పుడు నాకు కనిపించేది వెనక దీపం గాజు, దాని మీద నా ఊపిరి. ఆయన మధ్యలో ఆగి దగ్గేవారు. ఆయన దగ్గు ఆగేదాకా బండి బరువంతా నా చేతుల మీద ఉండేది. బండి కిందికి జారకుండా కాళ్ళు తన్నిపెట్టి నిలబడేదాన్ని.

పైకి చేరాక కాసేపు నిలబడేవాళ్ళం. కింద పట్టాలు నీళ్ళలా మెరిసేవి. ఇంజన్ల ఆవిరి లేచి వంతెన కమ్ములలోంచి పైకొచ్చి మా కాళ్ళ చుట్టూ తిరిగేది. కొన్ని రోజులు ఆ తెల్లదనంలో వంతెన అవతలి చివర కనిపించేది కాదు. అక్కడ చూలై లేదు, కొత్వాల్ చావడి లేదు. బొగ్గు వాసనేస్తున్న ఒక మేఘం మీద నిలబడ్డట్టు ఉండేది.

ఆయన ఎక్కి కూర్చునేవారు. నేను వెనక ఒక పక్కకు కూర్చునేదాన్ని. ఆయన బ్రేకు మీంచి కాలు తీసేవారు. బండి ఒక్క క్షణం ఏమీ చెయ్యదు. తర్వాత తనంతట తనే గుర్తుకొచ్చినట్టు కదులుతుంది. మొదట నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత అది ఏమిటో నాకు మాట దొరకదు. చెవుల పక్క గాలి, చైను సన్నటి టిక్కు టిక్కు, అంతే. కింద రైలు కూత వేసినా అది వేరే ఊరిలోంచి వచ్చినట్టుండేది. దీపస్తంభాలు ఒకటి వెనక ఒకటి మామీదుగా ఈదుతూ పోయేవి. పగటిపూట ఇంట్లో ఆయన భుజం మీద చెయ్యి వెయ్యడం నాకు ఊహకు కూడా రాని పని. బండి మీద వెయ్యకపోతే పడతాను. అందుకని వేసేదాన్ని. చొక్కా కింద ఆయన ఎముకలు తెలిసేవి.

వాలు అయిపోయి బండి ఆగిపోయాక ఇద్దరం దిగి మళ్ళీ నెట్టడం. సైకిల్ మీద పాలు తీసుకెళ్ళే ముసలాయన ఒకడు మమ్మల్ని రోజూ చూసేవాడు. "ఏంప్పా, పెట్రోలు కొనలేక కొండ దొర్లతాండారా? అమ్మకు ఒక ఎద్దును కొనిపెట్టు, పుణ్యముంటాది" అనేవాడు. మా ఆయన సిగ్గుపడి హ్యాండిలు మీదికి తల వంచుకునేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది. ఎదురుగా ఉన్నంతసేపు ఆపుకుని, ఆ ముసలాయన మలుపు తిరిగాక నవ్వేదాన్ని.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో బండి నడపాలట. కాలు నేలకు ఆనకూడదట. మేస్త్రీ గాలిలో వేలితో ఆ అంకె గీసి చూపించాడు. అంకె అని మేస్త్రీ అన్నాడు గానీ, నేను చిన్నప్పటినుంచి వేస్తున్న మెలిక ముగ్గు అది. వాకిట్లో వెయ్యడానికి చోటు చాలక సగం వేసి ఆపేదాన్ని. చోటున్నది మా పుట్టింటి వైపు. వ్యాసర్‌పాడిలో రైల్వే యార్డు పక్కన మా నాన్నావాళ్ళు ఉండే చోట, బొగ్గు పొడితో గట్టిపడ్డ ఖాళీ నేల ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడికి నెట్టుకెళ్ళేవాళ్ళం. మా అమ్మ దగ్గర నీళ్ళు తీసుకుని నేల మీద కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది వేసేదాన్ని. ఇంత పెద్ద ముగ్గు వెయ్యడం నాకదే మొదటిసారి. వంగి పిండి వదులుతూ వదులుతూ నడిచి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిపేసరికి నడుం పట్టేసేది. ఆడి గాలి విసిరితే తడి ఆరిన వైపునుంచి ముగ్గు లేచి, నేలకు జానెడు ఎత్తున తెల్లటి పొగలా అదే మెలిక తిరుగుతూ పోయేది. చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఆయన కూర్చుంటే నేను వెనకనుంచి నెట్టేదాన్ని. ఆయన హ్యాండిలు బాగానే తిప్పేవారు. కానీ చక్రం ఎప్పుడూ గీత పక్కనే నడిచేది. గీత మీదికి ఎక్కేది కాదు. ఎక్కబోయినట్టయితే ఒళ్ళంతా పక్కకు వంచి తప్పించేవారు.

"గీత మీద పోవాలన్నాడు గదండీ మేస్త్రీ" అన్నాను.

"ముగ్గు గదా."

"ఇది వాకిట్లో ముగ్గు కాదు. పరీక్ష ముగ్గు. ఎక్కించండి, దోషం లేదు."

"నువ్వు వంగి వంగి వేసినావు. నేనెట్లా ఎక్కించేది?" అన్నారు.

చిన్నప్పటినుంచి వాకిట్లో ముగ్గు దాటుకుంటూ నడిచిన కాలు అది. ఎంత చెప్పినా వినలేదు. పోనీలే, దగ్గరగా పోతే అదే చాలని ఊరుకున్నాను.

ఒక తెల్లవారుజామున వంతెన పైకి ఎక్కాక ఆయన ఆయాసం తీర్చుకుంటూ, ఈసారి నువ్వు ముందు కూర్చో అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన బండి పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. చుట్టూ చూశాను. ఆవిరి తప్ప ఎవరూ లేరు. కొంగు బిగించి, కుచ్చిళ్ళు వెనక్కి దోపి ఎక్కాను. ఆయన వెనక కూర్చుని బ్రేకు ఎక్కడో చెప్పారు. వాలు నా కాళ్ళ కింద మొదలైంది. దారి అంతా తనే వచ్చి నా చేతుల్లోకి చేరుతున్నట్టుంది. ఏ వైపు చూస్తే బండి ఆ వైపు వంగింది. చెయ్యి తిప్పాలని కూడా అనుకోలేదు, ఊరికే చూశానంతే. కింద ఎవరో నిప్పు రాజేసుకుని ఇడ్లీల కుండ పెట్టిన వెలుగు కనిపించింది. ఆ వెలుగు దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఏ చప్పుడూ లేకుండా పోయాం. కలల్లో మెట్ల మీంచి కాళ్ళు ఆనకుండా దిగుతాం చూడండి, అది మెలకువలో జరిగింది నాకు. ఆగాక దిగలేకపోయాను. ఆయనే నా మోచెయ్యి పట్టుకుని దించారు.

అట్లా ఆషాఢం గడిచింది. అమావాస్య రోజు ఆయన సంతోషంగా సీసాలో పెట్రోలు తెచ్చారు. మర్నాడు శ్రావణం. పరీక్ష తేదీ ఆ వారంలోనే. మేస్త్రీ పొద్దున వచ్చి ఇంజను నేర్పుతానన్నాడు. ఆ సంగతి అత్తతో చెబితే ఆమె చేట దించి మా వైపు వింతగా చూసింది.

"ఆడి యాడ పోయింది?"

మేం లెక్కలో వేసుకున్నది తెలుగు నెల ఒక్కటే. మా అత్తవాళ్ళ కుటుంబం మద్రాసుకు ఎన్ని తరాల కిందట వచ్చిందో వాళ్ళకే తెలియదు. పండుగలకు తెలుగు నెలలు చూసుకునేవాళ్ళు. కీడుకు మాత్రం తెలుగు ఆషాఢంతో పాటు అరవవాళ్ళ ఆడి నెల కూడా చూసేవాళ్ళు. ఆ రెండూ ఒకేసారి మొదలు కావు, ఒకేసారి అయిపోవు. ఆషాఢం ముందు పోతుంది, ఆడి ఇంకా చాలా రోజులు మిగులుతుంది. ఆయన అదే ఇంట్లో పుట్టి పెరిగారు గానీ, ఆయనకు పంచాంగమంటే ఎప్పుడూ అమ్మ నోటి మాటే. మా ఇంట్లో అంతకు ముందు అంత పెద్ద వస్తువు ఎవరూ కొనలేదు గనక అడగాలని కూడా తోచలేదు.

ఆడి పోయేదాకా ఆగితే పరీక్ష పోతుంది, షావుకారు లైను ఇంకో గుమాస్తాకు ఇస్తాడు. ఆయన ఆ మాట చెప్పి, ఇంకేమీ వాదించకుండా సీసా మూత బిగించి గోడవారగా పెట్టారు. మామగారు పోయింది ఒక ఆడి నెలలోనే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, కానీ అందరికీ తెలుసు. ఆయన భోజనం చెయ్యకుండా అంగడికి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి పడుకున్నారు. ఆ రోజు దగ్గు ఎక్కువగా ఉంది. మంట ఎగదోస్తున్న అత్త, దగ్గు వచ్చినప్పుడల్లా చెయ్యి ఆపి వినేది.

పొద్దున నేను బియ్యం ఏరుతుంటే అత్త వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, మీ అమ్మావాళ్ళు ఆడి చూస్తారా?"

మా వాళ్ళు నెల్లూరు పక్కనుంచి మా నాన్న హయాంలోనే వచ్చారు. "లేదత్తా. ఆషాఢం ఒకటే" అన్నాను.

"అటక మీద ఇంకా ఏముండాది?"

"ఏమీ లేదత్తా."

తలెత్తి అటక వైపు చూసింది. అక్కడ పాత చాప ఒకటి, సాలెగూళ్ళు. చాలాసేపు చూసింది.

"చీటీ డబ్బులు వానివి. వాటికి వచ్చింది ఉత్త ఇనుము. అది కదిలేదంతా నీ ఇత్తడితో గదా? అట్లయితే బండి నీది. ఆడి మా ఇంటికి, నీ పుట్టింటి సొత్తుకు ఎందుకుంటాది? నువ్వు మొదలుపెట్టు. నీ బండి మీద వాడు యాడికన్నా పోనీ. నాకేం పట్టింపు లేదు."

"నేనెట్లా అత్తా? నాకు చేతకాదు."

"ఏం, వంతెన మీద చేతనవుతాదా?" అంది.

నా చేతిలో బియ్యం చేటలోకి జారిపోయాయి. పాల ముసలాయన మా సందులో కూడా పాలు పోస్తాడన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆమె లేచి, దేవుడి గూటి వైపు తిరిగి కూర్చుంది. నా బండికి ఆమె నిమ్మకాయలు పెట్టదు, కర్పూరం వెలిగించదు. అట్లా పెడితే అది ఆమె ఇంటి బండి అయిపోతుంది మరి.

మేస్త్రీ వచ్చాడు. సంగతి విని ఒక్క మాట కూడా హాస్యమాడలేదు. పెట్రోలు పోసి, ఎక్కడ కాలు పెట్టాలో, ఎంత నొక్కి వదలాలో చూపించాడు. మా ఆయన బండిని గట్టిగా పట్టుకున్నారు. వట్టి కాలితో తన్నాను. కిక్కు తిరిగొచ్చి పిక్క మీద కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ తన్నాను. లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టయింది. ఇంకోసారి తన్నేసరికి ఇల్లు అదిరింది. గూట్లో గిన్నెలు మోగాయి. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ మాతో మౌనంగా తిరిగినది, ఇంత గొంతు పెట్టుకుని ఎట్లా ఊరుకుందో అనుకున్నాను. మా ఆయన మొహంలో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది. ఆయన ఏదో అన్నారు గానీ వినబడలేదు.

ఆ చప్పుడుతో స్నేహం కావడానికి ఆయనకు ఉన్న రోజులు కొద్దే. క్లచ్చు వదలడం రాక బండి ఎగిరెగిరి ఆగిపోయేది. రెండుసార్లు పడ్డారు. మోకాలు చీరుకుపోయింది, కొత్త దీపం గాజు పగిలింది. దానికి అమ్మడానికి అటక మీద ఏమీ లేదు. మేస్త్రీ ఇంకో పాత బండిది తీసి పెట్టాడు. కానీ ఒకసారి బండి కదిలాక పడేవారు కాదు. బరువు ఎటు పోతోందో ఆయన ఒంటికి తెలిసిపోయింది. మెల్లగా పోవడంలో ఆయనకు ఎవరూ సాటిరారని మేస్త్రీయే అన్నాడు.

పరీక్ష రోజు మేస్త్రీ ఆయన వెనక కూర్చుని వెళ్ళాడు. నేను బస్సులో వెళ్ళి ప్రహరీ గోడ నీడలో నిలబడ్డాను. మైదానంలో సున్నంతో ఎనిమిది గీసి ఉంది. నేను వేసినదానికంటే వంకరగా ఉంది. చాలామంది కాలు కింద పెట్టి వెనక్కి వచ్చేశారు. మా ఆయన వంతు వచ్చింది. వెనకనుంచి నెట్టే అలవాటుకు నా మోచేతులు బిగుసుకున్నాయి.

ఆయన వెళ్ళారు. గీత పక్కనే, బెత్తెడు దూరంలో, ఒక్కచోట కూడా దాన్ని తాకకుండా ఆ మెలిక అంతా తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చారు. కాలు ఆనలేదు. పరీక్ష అధికారి గొడుగు కిందినుంచి లేచి వచ్చి, గీత మీద పొమ్మంటే పక్కన పోతావేమని అరవంలో అడిగాడు. మా ఆయన తలొంచుకుని, ముగ్గు మీద, వాళ్ళ మాటలో కోలం మీద, చక్రం ఎక్కించడానికి మనసు రాలేదని చెప్పారు. ఆ అధికారి వెళ్ళి సున్నం గీతను చూశాడు. దాని పక్కన సన్నగా పడ్డ టైరు జాడను చూశాడు. లైసెన్సు పోయిందనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"రోడ్డు మీద మనుషులను కూడా కోలమే అనుకో. పో" అన్నాడట. ఆ మాట మేస్త్రీ పరుగెత్తుకొచ్చి నాకు తెలుగులో చెప్పాడు.

లైను మాకే వచ్చింది. షావుకారు బండిని చుట్టూ తిరిగి చూసి, నమూనా సరుకు పెట్టుకోవడానికి చోటేదని అడిగాడట. మర్నాడే చూలైలో వెనక సీటు తీయించి, అక్కడ ఇనుప క్యారియర్ బిగించారు. రెండు గోనె సంచులు దాని మీద బాగా కూర్చున్నాయి. విప్పిన సీటు కొన్నాళ్ళు నడవలో ఉండేది. తర్వాత ఎవరో అడిగితే ఇచ్చేశాం. ఆ బండి వెనక నేను మళ్ళీ కూర్చోలేదు. పొద్దున్నే లేచే అలవాటు మాత్రం పోలేదు. లేచి కాసేపు ఏం చెయ్యాలో తెలియక వాకిట్లో నిలబడేదాన్ని.

మొదటి రోజు లైనుకు వెళ్ళి ఆయన దీపాలు పెట్టాక వచ్చారు. అంబత్తూరు దాటి ఎక్కడెక్కడికో వెళ్ళారట. మొహం నిండా ఎర్రదుమ్ము. తూములో పారిన నీళ్ళు ఆ రోజు పసుపుగా లేవు. ఆర్డర్లు బాగానే దొరికాయని, రెడ్‌హిల్స్ చెరువు పక్కన గాలి ఒంటికి మందులా తగిలిందని చెప్పారు. అంత పొడుగ్గా మాట్లాడుతూ మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. అత్త అది గమనించిందని నేను గమనించాను.

పళ్ళెంలో అన్నం పెట్టి చారు పోశాను. ఆయన కలపబోయారు. వేళ్ళు ముడుచుకోలేదు. పగలంతా హ్యాండిలు అదురు పట్టి ఉన్న చేతులవి. మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించి, చేతిని అట్లాగే పళ్ళెంలో పెట్టి, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

నేను అత్త వైపు చూశాను. పెద్దవాళ్ళ ఎదుట మొగుడికి ముద్ద పెట్టడం మా ఇళ్ళలో లేదు. ఆమె చారు గిన్నె మీద మూత సరిచేసింది.

"పెట్టు. చల్లారిపోతాంది" అంది.

పళ్ళెం నా వైపు లాక్కుని అన్నం కలిపాను.